ఎత్తు పెంచిన జీపులో కుదుపు తగ్గించుకొనే విధానం



విత్తనాల గురించీ, ఎరువుల గురించీ, పురుగుమందుల గురించీ మనం తరచు చెప్పుకుంటూనే వుంటాం. ఈ పూట బండి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. పంట పండించడం ఒక ఎత్తు. దానిని నలగకుండా, చెడకుండా బజారుకు చేర్చడం ఒక ఎత్తు. ఆ రెండో పనిలో మనకు తోడు వచ్చేది బండే కదా.

మన గోదావరి డెల్టాకూ జీపుకూ పాత చుట్టరికం వున్నది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకం ఆరంభమైన తరువాత, వూరిలోకి జీపు వచ్చిందంటే బ్లాకు ఆఫీసువారు వచ్చారని పిల్లలు కూడా చెప్పేవారు. తరువాత జీపు రైతు ఇంటికీ వచ్చింది. మహీంద్రావారి పాత జీపులు, 1985లో వచ్చిన మారుతీ జిప్సీ, ఆ పైన బొలేరో, థార్ మన వూళ్లలో కనిపిస్తూనే వున్నవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినవి గాని, రాజమండ్రి దిగువన నేల మాత్రం ఒక్కటే. వాన పడితే రేగడి కాలు పట్టుకొంటుంది. పుంతరోడ్లలో గాడి పడుతుంది. అందుచేత చాలామంది బండిని నాలుగు అంగుళాలు పైకెత్తి, పెద్ద టైర్లు వేయిస్తున్నారు.

ఇంతవరకూ బాగానే వున్నది. చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, పుంత దాటి రావులపాలెం దగ్గర 16వ నెంబరు జాతీయ రహదారి ఎక్కగానే, లేదా అమలాపురం మీదుగా పోయే 216వ నెంబరు రోడ్డు ఎక్కగానే, ఆ బండి ఎగిరెగిరి పడుతుంది. చిన్న అతుకు మీద చక్రం ఎక్కితే వెన్నుపూస కదిలినట్లుంటుంది. అరటి గెలలు ఒరుసుకొని నల్లబడతాయి. కడియం నుంచి తెచ్చే మొక్కల వేళ్ల దగ్గర మట్టిగడ్డ విచ్చిపోతుంది. గుడ్ల అట్టలలో పగుళ్లు వస్తాయి. అన్నిటికంటె ముఖ్యం, రాత్రివేళ కాన్పుకో, జబ్బుకో మనిషిని పట్నం తీసుకుపోవలసి వస్తే, అదే బండిలో కదా పడుకోబెట్టేది!

"షాకబ్జర్లు మారిస్తే సరిపోతుందా అండీ?" అని చాలామంది అడుగుతారు. ఒక్కొక్కప్పుడు సరిపోతుంది. చాలా సార్లు సరిపోదు. జబ్బు తెలియకుండా మందు వేస్తే డబ్బు పోతుంది, జబ్బు వుంటుంది. కనుక ముందు జబ్బు ఏదో తెలుసుకొందాం.

బాధలు మూడు రకాలు. గుంట మీదగాని, అతుకు మీదగాని చక్రం పడినప్పుడు దబ్బుమని తగలడం ఒకటి. ఇదే అసలైన కుదుపు. నున్నని రోడ్డు మీద కూడా వేగం పెరిగేకొద్దీ నేల అదరడం రెండవది. అది చక్రం తూకం తప్పడం వల్లగాని, ఎత్తు పెంచినప్పుడు ప్రొపెల్లరు షాఫ్టు వాలు మారడం వల్లగాని వస్తుంది. స్టీరింగు చేతిలో నిలవక పక్కలకు కొట్టుకోవడం మూడవది. అది ముందు ఇరుసు వాలుకూ, స్టీరింగు కీళ్లకూ సంబంధించినది. మూడవ రకం వుంటే బండిని రోడ్డు ఎక్కించకుండా ముందు మెకానిక్కుకు చూపండి. అది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం. ఈ పూట మనం చెప్పుకొనేది మొదటి రకం గురించి.

ఎత్తు వేరు, మెత్తదనం వేరు. ఈ సంగతి మొదట పట్టుకోవాలి. ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండినీ, టైరు బండినీ మీరు ఎరుగుదురు. డన్‌లప్ అనే ఆయన గాలి టైరును 1888లో తయారుచేశాడు. అది ఎడ్లబండి కిందికి వచ్చిన తరువాత ఎడ్లకూ సుఖం, ఎక్కినవానికీ సుఖం. బండి ఎత్తు పెరగడం వల్ల ఆ సుఖం రాలేదు. గాలి నలిగి లేవడం వల్ల వచ్చింది. జీపులో కూడా అంతే. చక్రం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ చోటు వుండాలి. ఆ చోటులో కమాను నలగాలి, తిరిగి లేవాలి. ఎత్తు పెంచే పనిలో ఈ రెంటిలో ఒకటి చెడితే కుదుపు వస్తుంది.

కమాను లెక్క కొంచెం చెబుతాను, వినండి. బండి బరువు పడ్డప్పుడు కమాను 25 సెంటీమీటర్లు కుంగేదైతే, ఆ బండి నిమిషానికి సుమారు 60 సార్లు ఊగుతుంది. అది వుయ్యాల ఊపు వంటిది. 6 సెంటీమీటర్లే కుంగేదైతే నిమిషానికి 120 సార్లు ఊగుతుంది. అప్పుడు అది ఊపు కాదు, పోటు. మన శరీరానికి అన్నిటికంటె బాధ కలిగించేది సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు అదురు. కమాను బిగుసుకుపోయి, బండి ఒక్క టైర్ల మీదే ఎగిరినప్పుడు కుదుపు ఆ వైపుకే జరుగుతుంది.

ఇక ఎత్తు ఎలా పెంచుతారో చూడండి. కమాను కట్టలో ఇంకొక పట్టీ చేర్చడం ఒక పద్ధతి. అయిదు పట్టీల కట్టకు అదే మందం గల ఆరవది చేరిస్తే కట్ట బిరుసు సుమారు అయిదో వంతు పెరుగుతుంది. మందమైన పట్టీలు వేయడం ఇంకొక పద్ధతి. ఇక్కడ జాగ్రత్త కావాలి. 6 మిల్లీమీటర్ల పట్టీకి బదులు అదే పొడవూ వెడల్పూ వుండి 8 మిల్లీమీటర్ల మందం గల పట్టీ వేస్తే, దాని బిరుసు రెండింతలకు పైగా అవుతుంది. రెండే మిల్లీమీటర్లు గదా అనుకోకండి!

మూడవ పద్ధతి పొడుగు షాకిల్ వేయడం. షాకిల్ 5 సెంటీమీటర్లు పొడిగిస్తే బండి లేచేది సుమారు రెండున్నర సెంటీమీటర్లే. అదిగాక ఇరుసు కొంచెం తిరిగిపోయి ముందు చక్రాల వాలు మారుతుంది. నాలుగవది, ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం. దీనివల్ల కమాను బిరుసు పెరగదు గాని, ముందు ఇరుసుకు ఈ దిమ్మలు ఎన్నడూ పెట్టరాదు. బ్రేకు వేసినప్పుడు ఆ దిమ్మ పట్టు తప్పితే బండి చేతిలో వుండదు.

2010లో వచ్చిన థార్ సీఆర్‌డీఈ బండికి ముందర కమాన్లు లేవు. టార్షన్ బార్లు వున్నవి. అంటే, మెలి తిరిగి పనిచేసే ఉక్కు కడ్డీలు. బోల్టు బిగించి ఆ కడ్డీని మెలేస్తే ముందు భాగం లేస్తుంది. పైసా ఖర్చు లేని పని కనుక చాలామంది చేయిస్తారు. కడ్డీ బిరుసు దానివల్ల మారదు. అయితే చక్రం కిందికి దిగడానికి వున్న చోటు తగ్గిపోతుంది. గుంట రాగానే చక్రం దిగబోయి మధ్యలోనే ఆపుడుకు తగిలి ఠక్కుమంటుంది. అటువంటి బండికి ఎన్ని ఖరీదైన షాకబ్జర్లు వేసినా సుఖం వుండదు. బోల్టు కొంత వదులుచేసి ఎత్తు దింపడమే మందు. 2020లో వచ్చిన థార్‌కు నాలుగు వైపులా చుట్ట స్ప్రింగులు. వాటి మీద దిమ్మలు పెట్టి ఎత్తినా, చక్రం దిగే చోటు ఇలాగే తగ్గుతుంది.

ఇప్పుడు చేయవలసిన పనులు వరుసగా చెబుతాను. ఖర్చు లేనివి ముందు, ఖర్చుగలవి వెనక. ఒక చిన్న పుస్తకం దగ్గర పెట్టుకోండి. మీ వూరి దగ్గర రెండు కిలోమీటర్ల రోడ్డు ఎంచుకొని, ఒకే బరువుతో, ఒకే వేగంతో నడిపి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల గుణమిచ్చిందో తెలియదు. చేలో ఎరువు పరీక్ష చేసేటప్పుడు ఒక మడిలో ఒక్క తేడాయే వుంచుతాం గదా, ఇదీ అంతే.

మొదటిది గాలి. పౌన్లనండి, మన కుర్రవాళ్లు చెప్పినట్లు పాయింట్లనండి. ప్రొద్దుటే, బండి కదలకముందు, టైరు చల్లగా వున్నప్పుడు చూడాలి. తలుపు దగ్గర పలక మీద వున్న అంకె బండితో వచ్చిన టైరుకు చెప్పినది. పెద్ద టైరు వేశారంటే, అదే బరువుకు ఎంత గాలి కావాలో టైరు కంపెనీ పట్టీలో చూపించమని దుకాణదారుని అడగండి. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠం అంకె వరకు గాలి కొట్టించడం చాలామందికి అలవాటు. అది దాటకూడని హద్దు. వాడవలసిన అంకె కాదు. సుద్దముక్కతో టైరు మీద అడ్డంగా గీతలు గీసి, చదునైన రోడ్డు మీద వంద మీటర్లు నడపండి. నడుమ మాత్రమే సుద్ద చెరిగితే గాలి ఎక్కువైనదని గుర్తు. అంచులు మాత్రమే చెరిగితే తక్కువైనదని గుర్తు. ఎక్కువగా వుంటే రెండేసి పౌన్లు తగ్గిస్తూ చూడండి. ఆ బరువుకు కంపెనీ చెప్పిన అంకెకు దిగువకు మాత్రం పోకండి. బురదలో దిగేటప్పుడు గాలి తీసినవారు రోడ్డెక్కే ముందు తప్పక తిరిగి కొట్టించాలి. గాలి తక్కువ టైరు వేగంలో కాగి పగులుతుంది.

రెండవది బరువు. దగ్గరలో వున్న కాటాకు బండి తోలుకుపోండి. ముందు చక్రాలను మాత్రం కాటా మీద వుంచి ఒకసారి, వెనక చక్రాలను మాత్రం వుంచి ఒకసారి తూయించండి. ఖాళీగా ఒకసారి, మీరు రోజూ వేసే సరుకుతో ఒకసారి. ఆ నాలుగు అంకెలూ పుస్తకంలో రాసుకోండి. ముందర ఇనుప బంపరూ, వించీ వుంటాయని లెక్కవేసి గట్టి కమాన్లు వేయించి, తీరా అవి బిగించని బండ్లు వున్నవి. వెనక అర టన్ను వేస్తామని కట్ట వేయించి, ఏడాదిలో పది రోజులు తప్ప ఖాళీగా తిరిగే బండ్లూ వున్నవి. లేని బరువు కోసం వేసిన కమానే అధిక భాగం కుదుపులకు మూలం. ఇంకొక మాట. పెద్ద టైరూ, ఇనుప చక్రం రెండూ బరువే. కమానుకు దిగువనున్న బరువు పెరిగితే గుంటలో దాని దెబ్బా పెరుగుతుంది.

మూడవది కమాను కట్ట. మన డెల్టా గాలిలో చెమ్మ. సముద్రం దాపున ఉప్పు. పట్టీల మధ్య తుప్పు పడితే కట్ట అంతా ఒకే దిమ్మలా అయిపోతుంది. కట్ట విప్పి, తుప్పు గీకి, గ్రాఫైటు గ్రీజు రాసి బిగిస్తే కొన్ని బండ్లకు అక్కడితోనే సగం బాధ తీరుతుంది. చేపల చెరువుల వైపు తిరిగేవారు ఈ పని ఏటా వానలు వెనకబట్టాక చేయడం మంచిది. అదనంగా చేర్చిన పట్టీ వుంటే, నేర్పరి చేత, రెండు పక్కలా సమానంగా తీయించండి. కన్ను గల మొదటి పట్టీని, దాని కింది పట్టీని ముట్టుకోరాదు. కొలిమిలో ఎర్రగా కాల్చి కమాను వంచే పని చేయించకండి. కాల్చిన ఉక్కు పదును చచ్చి, కొన్నాళ్లకు కూర్చుంటుంది, లేదా విరుగుతుంది.

నాలుగవది బుష్షులూ షాకిళ్లూ. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు వేలాడుతుండగా గట్టిగా బిగిస్తే, బండి దింపినప్పుడు రబ్బరు మెలిపడి తానూ ఒక స్ప్రింగులాగా ఎదురు తిరుగుతుంది. బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, బరువు పడిన తరువాతనే చివరి బిగింపు వేయాలి. ఈ ఒక్క మాట మీ మెకానిక్కుకు చెప్పండి. కట్ట నలిగితే పొడవు సాగుతుంది. ఆ సాగుడుకు షాకిల్ వెనక్కు జరగాలి. మరీ వంపు కమాను వేసినప్పుడు షాకిల్ ఎదురువైపు వాలి చాసీకి ఆనుకొంటుంది. అప్పుడు కట్టకు సాగే దారి లేదు. పాత జీపులకు గ్రీజు నిప్పిళ్లు వున్నచోట గ్రీజు తప్పనిసరి.

అయిదవది షాకబ్జర్లు. బండిని 5 సెంటీమీటర్లు ఎత్తి పాత షాకబ్జర్లే వుంచితే, అవి కిందికి చాచుకొనే చోటు అంతమేరకు తగ్గుతుంది. చాసీ కింద జాకీ వేసి చక్రాలు వేలాడనివ్వండి. షాకబ్జరు పూర్తిగా చాచుకొని బిగుసుకొన్నా కమాను ఇంకా దిగాలని చూస్తూ వుంటే, షాకబ్జరు పొట్టిదని అర్థం. దీనికి విరుద్ధమైన తప్పూ వున్నది. మరీ పొడుగుది వేస్తే, చక్రం పైకి లేచినప్పుడు రబ్బరు దిమ్మ తగలకముందే షాకబ్జరు అడుగంటి పగులుతుంది. పరీక్ష సులభం. షాకబ్జరు కడ్డీ కనబడేదైతే దాని మీద కొంచెం గ్రీజు పూసి, మీ రెండు కిలోమీటర్లూ తిరిగి రండి. ఎంత మేర గ్రీజు తుడిచిపోయిందో అంత మేర అది లోపలికి కదిలినట్లు. చాలా కొంచెమే తుడిచిపోతే కమానో షాకబ్జరో బిరుసు. చివరి వరకూ తుడిచిపోతే చక్రానికి పైన చోటు చాలలేదు.

ఈ అయిదూ చూసిన తరువాత కూడా కుదుపు తగ్గకపోతే, కాటాలో వచ్చిన బరువుకు తగిన కమాన్లూ, ఆ ఎత్తుకు సరిపోయే పొడవు గల షాకబ్జర్లూ జతగా కొనండి. ఒకటి ఒకరి దగ్గర, రెండవది మరొకరి దగ్గర ఏరుకొస్తే పొత్తు కుదరదు.

పని చేసేటప్పుడు జాగ్రత్తలు మరువకండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి దూరరాదు. ఇటుకల మీద అసలే నిలబెట్టరాదు. గట్టి స్టాండ్లు వేయాలి. విప్పిన యూ-బోల్టులకు బదులు కొత్తవి వేసి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. చక్రాలు వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు బిగుతుగా లాగుతున్నాయేమో చూడాలి. ఎత్తిన బండి దీపాలు ఎదుటివాని కళ్లలో పడతాయి. వాటిని కిందికి దించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. ఇంత ఎత్తు మనకు కావాలా?

పాత జీపుకూ, జిప్సీకీ చక్రాల మధ్య నిండు ఇరుసు వుంటుంది. దాని నడుమ డిఫరెన్షియల్ పెట్టె వేలాడుతూ వుంటుంది. గాడిలో నేలకు రాసుకొనేది అదే. కమాను ఎత్తితే పైనున్న బండి లేస్తుంది గాని ఆ పెట్టె వీసమెత్తు లేవదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. అంటే, రేగడి పుంతలో దిగబడకుండా కాపాడేది నాలుగు అంగుళాల కమాను కాదు. మంచి పళ్లున్న టైరూ, సమయానికి తగ్గించిన గాలీ, ఎక్కడ దిగాలో తెలిసిన డ్రైవరూను. ఎత్తుతో పాటు బండి బరువు మధ్యబిందువు కూడా పైకి పోతుంది. మన దారులు ఎటువంటివి? ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్టతో వచ్చిన కాలవలు పారుతున్నవి; ఆ కాలవగట్లే మనకు రోడ్లు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పల్లపు చేలు. అటువంటి గట్టు మలుపులో ఎత్తు బండి పక్కకు ఒరిగితే ఆపుకొనే చోటు లేదు.

చట్టం సంగతి కూడా తెలిసివుండాలి. మోటారు వాహనాల చట్టం, 1988, 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్ణయించిన కొలతలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కనుక మీ బండికి ఇదివరకే ఎత్తు పెంచి వుంటే, రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగిన తరువాత అడిగితే లాభం లేదు.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. గ్రామంలో సమావేశం పెట్టినప్పుడు ఒక్క బండిని కాటా మీదికి ఎక్కించి, సుద్దముక్క పరీక్ష చేసి చూపండి. పది మంది కళ్లారా చూస్తే వంద మాటల కంటే మేలు.

అన్నీ కలిపి చెబితే సంగతి ఇంతే. ముందు గాలి, తరువాత బరువు, ఆ తరువాత కమాను, బుష్షులు, షాకబ్జర్లు. ఒకసారికి ఒక్క మార్పు. చక్రం లేవడానికీ దిగడానికీ చోటు వున్నదో లేదో చూసుకోండి. కుదుపు అప్పటికీ పోకపోతే, కొత్త సామాను కొనే ముందు, కంపెనీ ఇచ్చిన ఎత్తుకే బండిని దింపడం మంచిదేమో ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించండి. ఆ బండిలో మీరొక్కరే కాదు, మీ అమ్మగారూ, పిల్లలూ ఎక్కుతారు.

సార్వా నారుమళ్లు పోసేలోగా ఈ పని ముగించుకొంటే, వానలలో బండి మీ మాట వింటుంది.